తిత్లీ నాటి రంపం మిషన్ మళ్లీ కోస్తోంది, మీ ఇద్దరి పుణ్యమే

మా ఉద్దానంలో స్ప్రేయర్లు బాగుచేసే మెకానిక్ బాబాయికి, కోతమిల్లులో రంపాలకు పదును పెట్టే తాతగారికి చేతులెత్తి దండం పెడుతున్నాను. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు కొబ్బరి, జీడిమామిడి తోటలు ఎలా నేలకొరిగాయో వేరే చెప్పక్కర్లేదు. పడ్డ చెట్లను కోయడానికి అప్పట్లో నాన్న కూడా ఒక చెట్లు కోసే మిషన్ కొన్నారు. చిన్నదే, 32 సీసీది, అప్పటికే సెకండ్ హ్యాండ్. ఆ పనయ్యాక అది మూలకు చేరింది. ఇప్పుడేమో తోటలో ఎండిన జీడి మొద్దులు పడి ఉన్నాయి, గొడ్డలి పట్టే మనిషి దొరకడం లేదు. అమ్మకేమో స్నానాల నీళ్లు కట్టెల పొయ్యి మీదే కాగాలి. గ్యాస్ మీద కాచిన నీళ్లకు వేడి నిలవదట! ఈ విషయంలో ఆవిడతో వాదించడం మానేసి చాలా కాలమైంది.

టౌన్‌లో ఒక షాపులో చూపిస్తే మూత కూడా తీయకుండానే ‘ఇంజిన్ పోయింది, కొత్తది తీసుకోండి’ అన్నారు. బాబాయి అలా అనలేదు. స్టార్టర్ తాడు పిడి పట్టుకుని మిషన్‌ను గాల్లో వేలాడదీశారు. అది సర్రున జారిపోకుండా ఆగి ఆగి కిందికి దిగింది. ‘కంప్రెషన్ ఉందిరా, దీన్ని ఎవడు పోయిందన్నాడు?’ అన్నారు. అంటే పిస్టన్ లోపలి గాలిని ఇంకా గట్టిగానే నొక్కుతోందన్నమాట. సైలెన్సర్ విప్పి, ఆ కన్నంలోంచి టార్చి వేసి పిస్టన్ చూపించారు. గీతల్లేవు. అప్పుడు నాకు సగం టెన్షన్ పోయింది.

అసలు రోగం కార్బరేటర్‌లో ఉంది. చేతక్, ఆర్‌ఎక్స్ 100 రోజుల నుంచి టూ స్ట్రోక్ ఇంజిన్లు చూస్తున్న మనిషి కదా, విప్పుతూనే పాఠం చెప్పారు. బండి కార్బరేటర్‌లో పెట్రోలు మీద తేలుతూ దాని మట్టాన్ని అదుపు చేసే ఫ్లోట్ ఉంటుంది. రంపాన్ని అడ్డంగా తిప్పినా, తలకిందులు చేసినా ఆగకూడదు కాబట్టి దీనిలో ఫ్లోట్ బదులు పల్చటి పొరల్లాంటి డయాఫ్రమ్‌లు రెండుంటాయి. ఇంజిన్ లోపలి ఒత్తిడి పెరిగి తగ్గుతుంటే ఒకటి కొట్టుకుంటూ పెట్రోలు తోడుతుంది, రెండోది ఎంత వదలాలో చూసుకుంటుంది. ఏళ్లుగా ట్యాంకులో నిలిచిపోయిన పెట్రోలు జిగురుకట్టి లోపలి సన్నటి జల్లెడ పూడుకుపోయింది. డయాఫ్రమ్‌లు బిగుసుకుపోయాయి. పెట్రోలు పైపు పట్టుకుంటేనే విరిగింది. మా మేనల్లుడు ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించాడు (వాడికీ థాంక్స్, లేకపోతే అలుగుతాడు). అవన్నీ మార్చి, ప్లగ్గు కొత్తది వేసి తాడు లాగితే, కాసేపు మొండికేసి, పొగ కక్కుతూ స్టార్టయింది. ఊరికే నడుస్తున్నప్పుడు చైన్ తిరగకూడదని ఐడిల్ స్క్రూ తగ్గించారు. లీటరు పెట్రోలుకు 20 ఎం.ఎల్. టూ స్ట్రోక్ ఆయిల్ కలపమన్నారు. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇథనాల్ కలిపిన పెట్రోలు, అది తేమను పీల్చుకుంటుంది కాబట్టి పనయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన చుక్కలు అయిపోయి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడపమన్నారు.

ఇంజిన్ పలికింది కానీ మొద్దు తెగలేదు. పొగ వస్తోంది, కింద బియ్యప్పిండిలాంటి పొట్టు రాలుతోంది. అది చూసి తాతగారు ‘పదును లేదు బాబూ, ఉంటే పేళ్లు రాలాలి’ అన్నారు. కొబ్బరి మాను బయటి భాగం అసలే గట్టి, దానికి మా నేల ఇసక తోడైతే ఏ పన్నూ నిలవదు. ఆయన 4 ఎం.ఎం. గుండ్రటి ఆకురాయి తీసుకుని ప్రతి పంటినీ ఒకే ఏటవాలులో, ముందుకు మాత్రమే తోస్తూ, అన్నిటికీ అన్నే తోపులు ఇచ్చుకుంటూ వచ్చారు. ఒకవైపు పళ్లు పొట్టిగా, ఇంకోవైపు పొడుగ్గా ఉంటే కోత వంకర పోతుందట. పంటి ముందుండే చిన్న బొడిపెను కూడా కాస్త అరగదీశారు, అదెక్కువ ఎత్తుంటే పన్ను కర్రను అందుకోలేదు. బార్‌కు (చైన్ చుట్టూ తిరిగే పొడుగాటి పట్టీకి) ఆయిల్ వచ్చే కన్నం పొట్టుతో మూసుకుపోతే సన్నటి తీగతో శుభ్రం చేసి, మిషన్ నడుస్తుండగా బార్ కొసను అట్టముక్క వైపు చూపించారు. అట్ట మీద ఆయిల్ గీత పడ్డాకే కోయనిచ్చారు.

బార్ కొస పైభాగం కర్రకు తగిలితే మిషన్ ముఖం మీదకి ఎగురుతుందని ఇద్దరూ విడివిడిగా, దాదాపు ఒకే తిట్టుతో హెచ్చరించారు. చైన్ బ్రేక్ పడుతోందో లేదో చూడకుండా స్టార్ట్ చేయనని మాటిచ్చాను.

నేనిచ్చిన కూలిలో సగం బాబాయి తిరిగి నా జేబులో పెట్టారు. తాతగారు టీ తప్ప ఏమీ తీసుకోలేదు. ఈసారి జీడిపప్పు రాగానే ఇద్దరి ఇళ్లకూ పంపుతాను, వద్దంటే పిన్ని చేతికే ఇచ్చి వస్తాను.

తిత్లీ నాటి మిషన్లు మీ ఇళ్లలోనూ పడి ఉంటే చూస్తానని బాబాయి అన్నారు. స్ప్రేయర్ల పని తగ్గాక తీసుకెళ్లండి. ట్యాంకు ఖాళీ చేసి, చైన్, బార్ రెండూ ఊడదీయకుండా పట్టుకెళ్లాలి. ఏ భాగం ఎంత అరిగిందో ఆయనే చూసుకుంటారట.