నగల పని నేర్పడానికి మన స్వర్ణకారులనే పిలవాలి

సంపాదకులకు నమస్కారం.

చేత్తో నగలు చేయడం నేర్చుకోవాలనే ఆసక్తి మా కాలనీలోనే పదిమంది మహిళలకు ఉంది గాని, ఆ పనిని మొదటినుంచి పద్ధతిగా చెప్పే చోటు విశాఖలో మాకు దొరకలేదు. కిందటేడు నేను రుసుము కట్టి చేరిన రెండు రోజుల శిక్షణలో పూసలను జిగురుతో అంటించడం, కొన్న విడిభాగాలను తగిలించడం తప్ప మరేమీ నేర్పలేదు. అక్కడ ఇచ్చిన కొక్కేలతో చేసిన బుట్ట కమ్మలు పెట్టుకున్న మా అమ్మాయికి మూడో రోజుకల్లా చెవి తమ్మెలు ఎర్రబడి, దురద పెట్టి, రసి కారింది. చవక కొక్కేల్లో పైపూత కింద నికెల్ ఉంటుందని, చెమటకు అది కరిగి చర్మానికి తగిలితే పడనివారికి ఇలాగే అవుతుందని చర్మవైద్యులు చెప్పాక తెలిసింది. చెవిలో దిగే కొక్కెం మాత్రం 92.5 శాతం వెండిది వాడమని శిక్షణ ఇచ్చేవారు మొదటి పూటే చెప్పి ఉండవలసింది.

తరువాత పాతనగరంలోని కురుపాం మార్కెట్‌లో ఒక పెద్ద స్వర్ణకారుని దగ్గర నెల రోజులు కూర్చుని పని చూశాను. ఆయన నా చేతికి మొదట రాగి తీగే ఇచ్చారు. తీగ మందాన్ని తెలిపే గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని, కొక్కెం వంచడానికి 20, పూసలు చుట్టడానికి 26 తీసుకోమని చెప్పారు. నగ భాగాలను కలిపే చిన్న రింగును తెరవడానికే నాకు మూడు రోజుల సాధన పట్టింది. కొనలను పక్కలకు లాగితే గుండ్రం చెడిపోయి మళ్లీ కలవవు. రెండు పట్టకార్లతో పట్టి, ఒక కొనను ముందుకు, రెండోదాన్ని వెనక్కు తిప్పి తెరిస్తే, మూసినప్పుడు గోటితో తడిమినా సందు తగలదు. లోహాన్ని అతకడానికి టంకం పెట్టేటప్పుడు వెలిగారం (బోరాక్స్) ఎందుకు అద్దుతారో కూడా అక్కడే కళ్లారా చూశాను: అది లేనిచోట వేడికి లోహం నల్లబడి టంకం ఉండకట్టింది, అద్దినచోట తళుక్కుమని మెరిసి అతుకులోకి పారింది. మన ఊరి ఉప్పుగాలికి రాగి, ఇత్తడి నగలు తొందరగా చిలుము పడతాయి కనుక, పొడిబట్టతో తుడిచి మూత బిగిసే డబ్బాలో దాచమన్నది కూడా ఆయనే.

యంత్రాల మీద తయారైన నగలు వచ్చాక తమకు చేతి పని తగ్గిందని ఆయన వాపోయారు. నేర్పగల చేతులు ఖాళీగా ఉండగా, నేర్చుకోవాలనుకునేవారు జిగురు సీసాలతో సరిపెట్టుకోవడం నాకు బాధగా ఉంది. మహావిశాఖ నగరపాలక సంస్థ ఒక్కో జోనులో ఒక సామాజిక భవనాన్ని వారానికి రెండు మధ్యాహ్నాలు కేటాయించి, ఇటువంటి స్వర్ణకారులకు తగిన వేతనం ఇచ్చి తరగతులు చెప్పించాలని కోరుతున్నాను. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక లక్క బొమ్మల పనివారిని కూడా అప్పుడప్పుడు రప్పిస్తే, అంకుడు కర్రతో పూసలు ఎలా తయారవుతాయో నేర్చుకునేవారు దగ్గరగా చూడగలుగుతారు. టంకం పనిలో నిప్పు, పొగ తప్పవు కాబట్టి, ఎంపిక చేసే గదికి రెండు వైపులా కిటికీలు ఉండేలా చూడాలని మనవి.

– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం