స్ట్రెచర్ మీద సంతకాలా?

అయ్యా,

మా అమ్మకు పిత్తాశయం ఆపరేషన్ అయ్యాక జ్వరం తగ్గలేదు. మూడు రోజులు సర్జన్ గారు మాకు కనిపించలేదు. నర్సమ్మను ఎప్పుడడిగినా ‘డాక్టరు గారే చెబుతారు’ అనేది. ఆ మౌనమే మమ్మల్ని లాయరు దగ్గరికి నడిపించింది. ఎవరైనా వచ్చి రెండు మాటలు చెప్పి ఉంటే మేం వెళ్లేవాళ్లమే కాదు.

సమ్మతి పత్రాల సంగతీ అంతే. పరీక్ష కోసం లాపరోస్కోపీకి (పొట్టలోకి చిన్న కెమెరా పంపి చూడటానికి) మాత్రమే ఒప్పుకున్న మహిళకు గర్భసంచి తీసేసిన కేసులో, ఆ సమ్మతి గర్భసంచి తీయడానికి చెల్లదని సుప్రీంకోర్టు 2008లోనే తేల్చింది. అయినా స్ట్రెచర్ ఎక్కించాకే సంతకాలు పెట్టించుకుంటున్నారు. వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్న భారత వైద్య మండలి 2002 నిబంధన ఎంతమంది రోగులకు తెలుసు?

సర్జన్లకు నా విన్నపం: ముందురోజే, తెలుగులో, ఇంటివాళ్లను కూర్చోబెట్టి ముప్పేమిటో చెప్పండి.

– ఒక పాఠకురాలు, ఏలూరు