తుంగభద్ర దాటితే 36

పాపా,

ఆదివారం నువ్వు ఫోన్‌లో అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "46 ఏళ్లకు కొత్త పనిలో చేరి చిన్నపిల్లల దగ్గర నేర్చుకోవాల్నా అమ్మా, నేను సంపాదిస్తున్నా కదా" అన్నావు. ప్రేమతోనే అన్నావని తెలుసు. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నా.

బడిలో 18 ఏళ్లు ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెప్పినాను. సెక్షన్లు తగ్గించి నన్ను మానుకోమన్నారు. ఆ బాధ నీకు తెలిసిందే, మళ్లీ తవ్వను. ఆ ఎండాకాలం ట్రంకుపెట్టెలో నీ చిన్నప్పటి గౌన్ల కింద నా బీకాం సర్టిఫికెట్ కనబడింది. కంప్యూటర్‌లో పద్దులు రాసే ట్యాలీ నేర్చుకుని పోయిన జూన్‌లో ఆడిటర్ గారి ఆఫీసులో చేరినాను. జీతం బడిలో కన్నా మూడు వేలు తక్కువ. పక్క సీటు అబ్బాయికి 23 ఏళ్లు, నాకు ఎక్సెల్ నేర్పిస్తాడు. అందులో నాకు చిన్నతనమేమీ లేదు.

రెండో నెలలో ఒక తప్పు చేసినాను. హార్డ్‌వేర్ అంగడాయన నెల బిల్లులన్నీ ప్లాస్టిక్ కవర్లో తెచ్చి బల్ల మీద కుమ్మరిస్తాడు. నూనె మరకలు, మడతలు. అందులో 50,000 రూపాయల పెయింట్ల బిల్లు ఒకటి. 18 శాతం పన్ను, 9,000. నేను అలవాటుగా కేంద్రం వాటా సీజీఎస్టీ 4,500, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ 4,500 అని ఎక్కించేసినాను. 14వ తేదీ జీఎస్టీ పోర్టల్‌లో 2బి, అంటే అమ్మినోళ్లు చూపించిన బిల్లుల పట్టిక, వచ్చినాక చూస్తే అక్కడ మొత్తం ఐజీఎస్టీ అనే వేరే పద్దులో ఉంది. కూడితే అంతే, కానీ లెక్క కుదరదు! రాత్రి ఎనిమిది దాకా కూర్చున్నా. చివరికి సార్ వచ్చి ఆ బిల్లు మీది జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెల మీద వేలు పెట్టినారు. 36.

మన ఆంధ్రకు 37, తెలంగాణకు 36, కర్ణాటకకు 29. ఆ పెయింట్లు హైదరాబాద్ నుంచి వచ్చినవి. తుంగభద్ర వంతెన దాటితే వేరే రాష్ట్రం, సరుకు ఆ గీత దాటి వస్తే పన్ను పద్దే మారి సగం సగం కాకుండా మొత్తం ఐజీఎస్టీలోకి పోతుంది. కర్నూల్లో హైదరాబాద్ బిల్లు, రాయచూరు బిల్లు, మనూరి బిల్లు అన్నీ ఒకే కవర్లో ఉంటాయి. ఇప్పుడు ఏ బిల్లు చేతికొచ్చినా ముందు ఆ రెండంకెలే చూస్తాను. పిల్లోడి నోటుబుక్కులో దశాంశ బిందువు ఎక్కడ జారిందో పట్టుకున్నప్పుడు నాకు కలిగే సంతోషం నీకు గుర్తుంది కదా? అదే సంతోషం పాపా, అదేమీ బడిలో వదిలేసి రాలేదు.

మొన్న ఒకామె వచ్చింది. గుడ్డల అంగడి ఎప్పుడో మూసేసింది. "వ్యాపారమే లేదు కదక్కా, రిటర్ను దేనికి" అంటుంది. అమ్మకం సున్నా అయినా రిటర్ను వేయాల్సిందే, ఆలస్యమైతే రోజుకు 20 రూపాయల ఫైన్ పడుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పాతవన్నీ వేయించి, రిజిస్ట్రేషన్ రద్దుకు అర్జీ పెట్టినాము. లేచి పోతూ నా చెయ్యి పట్టుకుంది. ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పింది నేనే, 18 ఏళ్లు చెప్పి చెప్పి ఉన్న నోరు కదా.

వ్యాపారుల తరఫున రిటర్నులు వేసే జీఎస్టీ ప్రాక్టీషనర్ పరీక్ష కూడా రాస్తాను. బీకాం చదివినోళ్లకు ప్రాక్టీషనర్‌గా చేరే అర్హత ఉంది. ఆ పరీక్ష పెట్టే నాసిన్, అంటే కేంద్రం వాళ్ల పన్నుల శిక్షణ అకాడమీ, క్యాంపస్ మన పాలసముద్రంలోనే ఉంది, నువ్వు బెంగళూరుకు పోయే దారే. మీ నాయన పొద్దున్నే టీ పెట్టి ఇచ్చి నన్ను చదువుకోమంటున్నాడు.

నెలలో 11, 20 తేదీలు రిటర్నుల గడువులు, మాకు ఊపిరాడదు, ఆ రోజుల్లో ఫోన్ ఎత్తకపోతే అలగొద్దు. 20 దాటినాక బెంగళూరు వస్తా, ఉగ్గాణికి బొరుగులు తెస్తా. మీ ఆఫీసులో ఫారం 16, నీ జీతంలో పట్టుకున్న పన్ను కాగితం, ఇవ్వగానే నాకు పంపు. పోయినసారి బయట ఎవరికో 800 ఇచ్చి వేయించినావంట. ఈసారి జూలై 31 లోపల నీ ఆదాయపు పన్ను రిటర్ను నేనే వేస్తాను.

మీ అమ్మ