దేవరకొండ షెడ్డు, తూరిన్ ఒప్పంద కాగితం

నల్లగొండ

దోస్తూ,

నీ ఉత్తరం అందింది. పోరగాండ్లకు వడ్రంగం నేర్పనీకి నువ్వు పెడుతున్న దేవరకొండ షెడ్డుకు కరెంటు మీటరు బిగించిండ్రని, ఇగ వడ్రంగం మిషిన్లు హైదరాబాద్‌ల కొత్తయి కొనాల్నా, బేరం కుదిరితే పాతయి తేవాల్నా అని రెండు పేజీలు రాసినవు. ఆఖర్ల మాత్రం, డాన్ బాస్కో వాళ్లు, అంటే ఫాదర్ జాన్ బోస్కో పెట్టిన క్యాథలిక్ సభోళ్లు, ఈ పనిబడులు ఎట్ల మొదలుపెట్టిండ్రో రాయి అని ఒక్క లైను అడిగినవు. ఆ ఒక్క లైనుకే ఈ జవాబంతా. ఎందుకంటే వాళ్ల చరిత్రల మిషిన్లు చానా వెనక వస్తయి. ముందుగాల వచ్చింది స్టాంపు కాగితం.

జాన్ బోస్కో 1815ల ఉత్తర ఇటలీల ఒక పల్లె రైతు ఇంట్ల పుట్టిండు. రెండేండ్లకే తండ్రి పోయిండు, తల్లి మార్గరీత కష్టం చేసి పెంచింది. 1841 జూన్‌ల గురుపట్టం అందుకొని, అంటే క్యాథలిక్ ఫాదర్ అయ్యి, తూరిన్ పట్నంల చేరిండు. అప్పట్ల ఆ పట్నం ఎట్ల ఉండెనంటే, మన పాలమూరు లేబర్‌ను గుర్తు చేసుకో. కొండ పల్లెల నుంచి పోరగాండ్లు పని సీజనుకు దిగి వచ్చి తాపీ మేస్త్రుల దగ్గర సున్నం కలుపుడు, రాళ్లు మోసుడు, పొగగొట్టాలు తుడుసుడు చేస్తుండిరి. పని లేని నాడు వీధుల మీద. ఏదో చిన్న దొంగతనానికి దొరికితే జైల్ల. బోస్కో ఆ జైళ్లకు పోయి చూసిండు. బయటికొచ్చిన పిల్లగాడు మళ్ల ఎందుకు లోపలికి వస్తుండంటే, బయట వాని కోసం అడిగే మనిషి ఒక్కడు లేడు గనుక. 1841 డిసెంబర్ 8 నాడు గుడి పక్క గదిల బర్తొలొమేయో గరెల్లి అనే అనాథ తాపీ పిల్లగాడు కనబడ్డడని, ఆయన పని అక్కడ మొదలైందని వాళ్లు చెప్పుకుంటరు.

మొదట్ల ఇది బడి కాదు. ఆదివారం నాడు పిల్లల్ని పోగేసి ఆటలు, ప్రార్థన, ఇంత చదువు. చుట్టుపక్కలోళ్లు లొల్లి చేస్తుంటే ఒక జాగల నుంచి ఇంకో జాగకు మారుకుంట పోయి, 1846 ఈస్టర్‌కు వాల్దొక్కో అనే పేటల పినార్ది అనే ఆయన షెడ్డు కిరాయికి పట్టిండు. కప్పు మరీ కిందికుందని నేల తవ్వి లోతు చేయించిండ్రు. నీ షెడ్డు దానికన్న మేలే. రాత్రి బడి పెట్టి అక్షరాలు, లెక్కలు చెప్పిండ్రు. లెక్కలల్ల ఒక ముచ్చట మాత్రం నాకు మస్తు నచ్చుతది. ఆ రాజ్యంల 1850 జనవరి నుంచి పాత కొలతలు పోయి మీటరు, కిలో, లీటరు వస్తయని చట్టమయింది. కొత్త కొలతలు రాని కూలి పిల్లగాన్ని దుకాణంల, పని కాడ ఎవడైనా మోసం చేస్తడు. బోస్కో ముందే ఆ కొలతల మీద చిన్న పుస్తకం రాసి రాత్రి బడిల నేర్పిండు. మన దగ్గర శేర్లు, మానికలు పోయి కిలోలు వచ్చినప్పుడు ఊర్లల్ల ఎంత గడబిడ అయ్యిందో పెద్దోళ్లను అడుగు. పనికొచ్చే చదువు అంటే ఆయన లెక్కల అది: రేపు పొద్దున వాని కూలి లెక్క వాడే చేసుకునుడు.

ఇగ కాగితం సంగతి. 1850లు మొదలయ్యేనాటికి ఆయన పిల్లల్ని పట్నంల మేస్త్రుల దగ్గర పనికి పెడుతుండె. అక్కడ తప్పులు ఎక్కడ జరుగుతుండె అంటే, పని నేర్చుకుందామని పోయినోనితోటి నీళ్లు మోపిస్తరు, చిల్లర పనులకు ఉరికిస్తరు. ఏండ్లు గడుస్తయి, చేతికి పని రాదు. దెబ్బలు వేరే. జీతం మేస్త్రి మనసు మీద. అందుకని మేస్త్రి, పిల్లగాడు, వాని తండ్రి, జామీనుగ బోస్కో, అందరు కలిసి సంతకం పెట్టే ఒప్పందం రాయించుడు మొదలుపెట్టిండు. అట్లాంటివి కొన్ని ఇప్పటికీ భద్రంగ ఉన్నయి. 1852 ఫిబ్రవరిల జుసెప్పె ఒదాస్సో అనే పిల్లగాన్ని జుసెప్పె బెర్తొలీనో అనే వడ్రంగి మేస్త్రి దగ్గర పెట్టిన కాగితం బాగ పేరున్నది. దాంట్ల ఏమున్నదో పూసగుచ్చినట్టు రాస్త, నీకు పనికొస్తది.

గడువు రెండేండ్లు. కూలి రోజుకు మొదటి ఆరు నెలలు 30 చెంతేసిములు (మన పైసల లెక్క అక్కడి చిల్లర), తర్వాత ఆరు నెలలు 40, 1853 జనవరి నుంచి గడువు తీరేదాక 60. మేస్త్రి తన పనే నేర్పాలె, ఆ పనికి సంబంధం లేని చాకిరి చెప్పొద్దు. తప్పు చేస్తే మాటతోటి దిద్దాలె, చెయ్యి ఎత్తొద్దు. పండుగ దినాలు పూర్తిగ పిల్లగానియే. ఏడాదికి పదిహేను రోజుల సెలవు. పిల్లగాడు కూడ మాట ఇయ్యాలె: చురుకుగ, వినయంగ పని చేస్తనని. ఇదంత 40 చెంతేసిముల స్టాంపు కాగితం మీద రాసిండ్రు. మొదట్ల పిల్లగాని రోజు కూలి కన్న స్టాంపు ఖర్చే ఎక్కువ. అయినా పెట్టిండు చూడు, ఆ లెక్క నువ్వు మర్చిపోవద్దు.

మన దగ్గర గుంపు మేస్త్రి అడ్వాన్సు చేతుల పెట్టి నోటి మాట మీద మనుషుల్ని తీస్కపోతడు. కూలి ఎప్పుడు పెరుగుతది, ఎన్ని గంటలు, ఏ పని, ఏదీ రాతల ఉండదు. లొల్లి అక్కడ్నే పుడుతది. ఒదాస్సో కాగితంల నాకు అన్నిటికన్న తెలివైన ముక్క ఆరు నెలల కూలి మెట్టు. పని వచ్చినకొద్ది కూలి పెరగాలని ముందే రాసి పెడితే, నేర్పకుంట నానబెట్టిన మేస్త్రికే నష్టం. పెరిగిన కూలి ఇచ్చి పని రానోన్ని ఎందుకు పెట్టుకుంటడు?

అయినా బయటి మేస్త్రుల దుకాణాలల్ల తిట్లు, తాగుడు, చెడు సావాసం తప్పలేదు. అందుకే 1853ల పని జాగలు ఇంట్లకే తెచ్చిండు. ఏ వరుసల తెచ్చిండో చూడు: 1853ల చెప్పులు కుట్టుడు, బట్టలు కుట్టుడు. 1854ల పుస్తకాల బైండింగు. 1856ల వడ్రంగం. 1861 ఆఖరుకు సర్కారు అనుమతి తీసుకొని 1862ల అచ్చు ప్రెస్సు, అదే ఏడు కమ్మరం. చెప్పుల పనికి ఏం కావాలె? ఒక పొట్టి బల్ల, ఆరె, రంపె, గూటం, ఇంత తోలు. కుట్టుకు సూది, కత్తెర, టేపు. పెట్టుబడి తక్కువ. ఇంట్ల ఉన్న పిల్లలందరికి చినిగిన చెప్పులు, చినిగిన అంగీలు ఉండనే ఉండె, అంటే మొదటి గిరాకీ ఇంట్లనే ఉన్నది. బైండింగు ఎందుకంటే ఆయన అప్పటికే నెల నెలా చిన్న మత పుస్తకాలు వేస్తుండె. వాటిని అచ్చేయనీకి ప్రెస్సు. వడ్రంగం, కమ్మరం కట్టే ఇండ్లకు, గుడికి తలుపులు, గొళ్లాలు చేయనీకి. ప్రతి పని జాగ ఎవరో ఒకరి అవసరం కాడ మొదలైంది. బయటి మార్కెట్టు కోసం మాల్ తయారు చేద్దామని మొదటి రోజే కూసుంటే మునిగేటోళ్లు. పిల్లగాడు కుట్టిన మొదటి చెప్పును డబ్బులిచ్చి కొనేది ఎవరు? ఇంట్లోడైతే వంకర కుట్టున్నా తొడుక్కుంటడు.

ఇంట్లకు తెచ్చినంక కొత్త తలనొప్పి వచ్చింది, అది మేస్త్రులు. రోజు కూలి ఇచ్చి పెట్టుకుంటే, కూలి ఎట్లాగూ వస్తది గనుక పిల్లలు నేర్చిండ్రా లేదా అని పట్టించుకోరు. సరే, పని జాగ లాభం మీరే తీసుకోండ్రి అంటే, పిల్లలు నౌకర్లయిపోతరు. ఆర్డరు తొందరుంటే రాత్రి బడి ఎగ్గొట్టిస్తరు, పద్ధతి మొత్తం పాడు. రెండు తీర్లా చేసి చూసిండు, రెండూ బెడిసినయి. దీంట్ల మేస్త్రి దుర్మార్గుడేం కాదు దోస్తూ. ఎక్కువ సరుకు తీసినోనికి ఎక్కువ పైస వస్తదంటే, సోలు కుట్టుడు బాగ వచ్చిన పిల్లగాన్ని సోలు కాడ్నే కూసోబెడుతడు, పై తోలు కోసుడు ఎన్నడూ నేర్పడు. లాభం, నేర్పుడు ఒకే చేతుల పెడితే నేర్పుడే ఓడిపోతది.

దానికి వాళ్లకు దొరికిన దారి బ్రదర్లు. 1859 డిసెంబర్‌ల బోస్కో పెట్టిన సలేసియన్ సభ పుట్టింది, డాన్ బాస్కో వాళ్లంటే వీళ్లే, దాని నియమావళికి 1874ల రోమ్ ఆమోదం దొరికింది. దాంట్ల గురువులే కాదు, గురుపట్టం లేని బ్రదర్లు కూడ సభ్యులే. చెప్పులు కుట్టేటోడు, అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్, వడ్రంగి, వీళ్లు సభలనే మనుషులైండ్రు. సొంత జేబు లేదు కాబట్టి లాభం వానికి రాదు, పిల్లగాడు నేర్చుకునుడే వాని పని. మెల్లమెల్లగ బయటి మేస్త్రుల జాగల వీళ్లు వచ్చిండ్రు. నీకు బ్రదర్లు దొరకరు, తెలుసు. కాని ఆర్డర్ల లెక్క ఒకని చేతుల, నేర్పే పని ఇంకొకని చేతుల పెట్టొచ్చు. మేస్త్రికి నెల జీతం ఇచ్చి, దాని మీద బోనసు ఇయ్యాలనుకుంటే ఎంత సరుకు అమ్మిండన్న దాని మీద కాక, ఎంతమంది పిల్లలు పరీక్ష పాసైండ్రన్న దాని మీద ఇయ్యి.

1884ల తూరిన్‌ల పెద్ద ఎగ్జిబిషన్ అయితే వాళ్లు కాయితం తయారైన కాడ నుంచి అచ్చయ్యి, బైండింగు అయ్యి పుస్తకం చేతికొచ్చేదాక మొత్తం పని జనం ముందట చేసి చూపెట్టిండ్రు. మాతి అనే ఊర్ల 1877 నుంచే వాళ్లకు కాయితం మిల్లు ఉండె. జనం ఎగబడి చూసిండ్రట. నాకు మాత్రం దానికన్న రెండేండ్ల తర్వాతి ముచ్చట ముఖ్యం. 1886ల వాళ్ల మహాసభ పని నేర్చుకునే పిల్లల గురించి ఒక పద్ధతి రాసుకున్నది: నీతి, బుద్ధి, పని, మూడు వైపులా నేర్పాలె. ప్రతి పనిని మెట్లు మెట్లుగ విడగొట్టి ఒక మెట్టు వచ్చినంకనే ఇంకో మెట్టు ఎక్కించాలె. వచ్చిన ఆర్డరును బట్టి నేర్పుడు బందు. బోస్కో 1888 జనవరి 31న పోయిండు. ఆయన తర్వాత 1901, 1904, 1910లల్ల తమ బడులన్నిటి పనులు ఒక్క జాగల పెట్టి ఎగ్జిబిషన్లు జరిపిండ్రు. ఏ బడి ఎక్కడ వెనకపడ్డదో అందరి ముందట తేలిపోయే ఏర్పాటు.

ఆ మెట్ల పద్ధతి నీ వడ్రంగానికి ఇట్ల దించుకో. ముందు గుణియా (మూల సక్కగ ఉన్నదా చూసే పనిముట్టు) పట్టుడు, గీత గీసుడు. తర్వాత రంపం, గీత మీద కాదు, గీత మిగిలేటట్టు పక్కన కోసుడు. గీత తినేస్తే అతుకు వదులైతది. తర్వాత రందా పట్టి నాలుగు ముఖాలు సమం చేసుడు. అప్పుడు సగం సగం కోసి కలిపే అతుకు. ఆ తర్వాతనే బెజ్జం కొట్టి నాలుక దూర్చే అతుకు. నాలుక మందం చెక్క మందంల మూడో వంతు ఉండాలె. ఎక్కువైతే బెజ్జం గోడలు పగుల్తయి, తక్కువైతే నాలుక విరుగుతది. ఉలి వెడల్పు కూడ ఆ మూడో వంతుకు సరిపోయేది తీసుకో, బెజ్జం సక్కగ వస్తది. ఇది చేతికి వచ్చినంక స్టూలు, తర్వాత కిటికీ చట్రం. పచ్చి కట్టె మాత్రం ఇయ్యకు. ఎండినంక చట్రం వంకరపోతే పిల్లగాడు తన చెయ్యి తప్పనుకుంటడు. పొద్దున ఒక గంట డ్రాయింగు తప్పనిసరి. బొమ్మ చదవరానోడు ఎన్నేండ్లైనా ఇంకొకని కింద కూలోడే.

మన దేశం ముచ్చట కొద్దిగనే రాస్త. 1906 జనవరిల ఫాదర్ జార్జ్ తొమాతిస్ వెంట సలేసియన్లు తంజావూరుకు వచ్చిండ్రు, అక్కడ అనాథ పిల్లలకు పనులు నేర్పిండ్రు. 1922ల ఫాదర్ లూయీ మథియాస్ వెంట షిల్లాంగ్‌కు పోయిండ్రు, అక్కడి టెక్నికల్ స్కూలుకు మంచి పేరు. మన తెలుగు ప్రాంతానికి హైదరాబాద్ ప్రావిన్సు, అంటే వాళ్ల సభల ఒక విభాగం, 1992ల వేరే అయ్యింది. పాతబస్తీ జహనుమాల పిల్లలకు పనులు నేర్పే బాయ్స్ టౌన్ వీళ్లది కాదు, మోంట్‌ఫోర్ట్ బ్రదర్స్‌ది. రెండూ కలిపి ఎక్కడా చెప్పకు. ఇప్పుడు డాన్ బాస్కో వాళ్లు కూడ మూడు నెలల కోర్సులు నడుపుతున్నరు. ఉద్యోగానికి తొందరగ పంపాలంటే అవీ కావాల్సినవే, నేను కాదనను. కాని రందా పట్టుడే సరిగ రావాలంటే మూడు నెలలు పడుతది. వడ్రంగానికి ఆ లెక్క పెట్టుకోకు.

నువ్వు ఇప్పుడు చేయాల్సింది చెప్త. మన దగ్గర 1961 అప్రెంటిస్ చట్టం ఉన్నది. పద్నాలుగేండ్లు నిండాలె, మైనర్ అయితే తండ్రో తల్లో సంతకం పెట్టాలె, ఒప్పందం రిజిస్టర్ చేయాలె, స్టైపెండ్ ఇయ్యాలె. 2019ల రూల్సు మార్చినప్పుడు అది చదువును బట్టి నెలకు కనీసం 5,000 నుంచి 9,000 రూపాయల దాక ఉండె. ఇప్పటి రేటు ఐటీఐల అడిగి చూసుకో. పద్దెనిమిది నిండనోన్ని గుండ్రటి రంపం మిషిన్ దగ్గరికి రానియ్యకు. అందుకే అంటున్న, మిషిన్ పైసలు ఈ ఏడు ఆపు. పది మంది పిల్లలకు రంపం, రెండు సైజుల ఉలి, రందా, గుణియా ఒక్కొక్కరికి వేరువేరుగ కొను, పేరు రాసి పెట్టు. పంచుకునే పనిముట్టు ఎవడూ నూరడు. మొదటి ఆర్డరు మీ ఊరి బడి బెంచీల రిపేరు పట్టు, అదైతే హెడ్‌మాస్టర్‌ను నువ్వే అడగొచ్చు.

ఒప్పంద కాగితం నమూనా తెలుగుల రాసి వచ్చే వారం పంపుత. కూలి మెట్ల కాడ అంకెలు ఖాళీగ వదిలేస్త. మేస్త్రిని, పిల్లల తల్లిదండ్రులను ఒకే రోజు కూసోబెట్టి, అందరి ముందట నువ్వే నింపు.

నీ దోస్తు