పలకని అక్షరం

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. బల్ల మీద కళ్లెదుటే పెట్టుకున్నాను, రోజూ చూస్తూనే ఉన్నాను, రోజూ రేపు రాద్దాం అనుకుంటూనే ఉన్నాను. తప్పు నాదే, క్షమించు. ఇక్కడ అందరం కులాసా. పాప పరీక్షలు అయిపోయాయి, నా మోకాలి నొప్పి తగ్గింది, ఉద్యోగం ఎప్పటిలాగే నడుస్తోంది. గొడుగు భద్రంగా ఉందని ‘కలెక్టరు గారికి’ చెప్పు. వార్తలు ఇంతే.

అసలు సంగతి వేరే. ఆదివారం నుంచి అదే మనసులో తిరుగుతోంది. నీకు చెప్పుకుంటే గాని నిద్ర పట్టేలా లేదు.

ఇంగ్లండులో మేముండే ఈ లింకన్‌షైర్ పల్లె పక్కన నేను సాయంత్రాలు నడిచే సిమెంటు బాట గురించి ఇదివరకు రాశాను కదా. అది బాట కాదు రఘూ, రన్‌వే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లాంకాస్టర్ బాంబర్లు లేచిన చోటు. అప్పటి బాంబరు స్థావరాలన్నీ దాదాపు ఒకే నమూనా: పెద్ద రన్‌వే 2,000 గజాల పొడవు, 50 గజాల వెడల్పు, దాన్ని అడ్డంగా కోస్తూ మరో రెండు. యుద్ధం అయ్యాక సిమెంటు పగలగొట్టి రోడ్లకు తరలించారు. మిగిలింది ఒక ట్రాక్టరు పట్టేంత. అటూ ఇటూ షుగర్‌బీట్ దుంపల పొలం. ఇక్కడ ఏం జరిగిందో చెప్పే ఒక్క పలక కూడా ఇన్నాళ్లూ లేదు. ఊరివాళ్లు తలా కొంత వేసుకుని, నాలుగేళ్లు తిరిగి, ఆ బాట చివర ఒక రాయి నిలబెట్టారు. ఆదివారం దాని ఆవిష్కరణ.

లాంకాస్టర్‌లో ఏడుగురు ఉండేవాళ్లు. తిరిగిరాని ఒక్కో విమానం ఏడుగురి పేర్లు ఊళ్లో ఒక్కొక్కరు చదవాలని నిర్ణయించి చీటీలు వేశారు. నాకూ ఒక చీటీ వచ్చింది. వారం రోజులు వంటింట్లో, స్నానాల గదిలో అవే ఏడు పేర్లు. ఇంట్లో వాళ్లకు కూడా కంఠస్థం అయిపోయాయి. ఎందుకంత పట్టుదల అంటే, మన ఇంటిపేరు ఈ దేశంలో ఎన్ని ముక్కలవుతుందో నీకు తెలుసు. పిలిచేవాళ్లు ఆగుతారు, తడబడతారు, చివరికి మొదటి అక్షరం పలికి వదిలేస్తారు. నేను ఉన్నాను కాబట్టి లేచి సరిదిద్దుకోగలను. వాళ్లు లేవలేరు కదా!

ఆ రోజు గాలి ఎంతలా వీచిందంటే, పైన ఎగురుతూ పోవలసిన పాత విమానం రానేలేదు. రాయి మీద కప్పిన జెండాను ఇద్దరు పట్టుకుని నిలబడ్డారు. నా వంతు వచ్చింది. ఆరు పేర్లు బాగానే చదివాను. ఏడోది తోక దగ్గర తుపాకీ పట్టే కుర్రాడిది, పందొమ్మిదేళ్లు. విమానంలో మిగతావాళ్లంతా ముందు వైపు, అతనొక్కడే వెనక చిన్న అద్దాల గదిలో, చలిలో, వదిలి వచ్చిన చీకటిని చూస్తూ వెళ్లేవాడు. అతని పేరు చదివాను. అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ముందు వరుసలోని చక్రాల కుర్చీలోంచి ఒక ముసలామె సన్నని గొంతు ఆ పేరును మళ్లీ పలికింది. నేను పలికినట్టు కాదు. మధ్యలో ఉన్న ‘జడ్’ లేకుండా.

స్కాట్లాండు ఇంటిపేరు అది. రాతలో జడ్ ఉంటుంది, నోట్లో ఉండదు. వెనకటికి వాళ్లకు వేరే అక్షరం ఒకటి ఉండేదట. అచ్చువేసేవాళ్ల దగ్గర ఆ అచ్చు లేక, దాన్ని పోలిన జడ్ పెట్టేవాళ్లట. మన అరసున్నా గుర్తొచ్చింది, అది రాతలోనే మిగిలింది కదా, ఇప్పుడు అదీ లేదు... సరే, ఎక్కడికో వెళ్తున్నాను.

చేతిలో కాగితం వణికింది. ఆమె చెప్పినట్టే ఆ పేరు మళ్లీ చదివాను. ఆమె తల ఊపింది. అంతే. ఎవరూ నవ్వలేదు, ఎవరూ కదలలేదు. పక్క చేనులోంచి ఒక పిట్ట మాత్రం కూస్తూ పైకి లేచింది.

తర్వాత టీ దగ్గర ఆమె మనవడు వచ్చి నన్ను పిలిచాడు. ఆమె ఆ తోక తుపాకీ కుర్రాడి చెల్లెలు. 1944 జనవరిలో బెర్లిన్ వైపు వెళ్లి అన్న రాకుండా పోయినప్పుడు ఆమెకు ఏడేళ్లు. బ్రిటిష్ వాయుసేన బాంబరు విభాగమైన బాంబర్ కమాండ్‌లో మొత్తం 55,573 మంది ఇలా పోయారు, వాళ్లలో ఒకడు. సమాధి దొరకలేదు. అలాంటి ఇరవై వేల మందికి పైగా పేర్లు రన్నిమీడ్ స్మారకం గోడల మీద ఉన్నాయి, అక్కడ అన్న పేరూ ఉంది. “అక్కడికి మా అమ్మ ఏటా వెళ్లేది. కానీ వాడు బయలుదేరింది అక్కడి నుంచి కాదు కదా, ఇక్కడి నుంచి” అంది. నాకు మాట రాలేదు.

అప్పుడు సంచిలోంచి ఒక ఇత్తడి గుండీ తీసింది. అన్న సామాను ఇంటికి పంపినప్పుడు వచ్చిన కోటుది. దాన్ని ఎడమకు తిప్పితే రాదు, కుడికి తిప్పాలి. శత్రువు చేతికి చిక్కితే వాడు తెలియక తిప్పినా ఊడకుండా మర అలా తిరగేసి చేశారట. ఏడేళ్ల పిల్ల చాలాకాలం ఎడమకే తిప్పి ఓడిపోయి, ఒకనాడు విసుగుతో అటు తిప్పితే ఊడి వచ్చిందట. లోపల మినప్పప్పు గింజంత దిక్సూచి. ఉత్తరానికి రెండు చుక్కలు, దక్షిణానికి ఒకటి. దాన్ని నా అరచేతిలో పెట్టింది. ముల్లు కాసేపు వణికి, రెండు చుక్కలూ బాట పొడవునా చూపిస్తూ ఆగింది. అప్పుడామె నా ఇంటిపేరు అడిగింది. చెప్పాను. మళ్లీ చెప్పమంది. మూడోసారికి, రఘూ, పూర్తిగా, ఒక్క అక్షరం మింగకుండా...

అయ్యో, ఐదున్నరకు తపాలా పెట్టె తెరుస్తారు, ఇంకా పది నిమిషాలే ఉంది. ఆమె వెళ్తూ వెళ్తూ ఆ రాయి దగ్గర ఏం చేసిందో వచ్చే ఉత్తరంలో రాస్తాను. పరుగెత్తాలి.

నీ
శీను