ఆస్బెస్టాస్ లేదని మేము బిగించిన రేకుల విషయమై మా ఖాతాదారులకు

బాలానగర్‌లోని మా షెడ్ల పనిని నమ్మి, ఏళ్ల తరబడి మా దగ్గరికే వస్తున్న ఖాతాదారులకు నమస్కారం. ఈ వేసవిలో ఆస్బెస్టాస్ లేని రకమని బిల్లు మీద రాసి మీలో కొందరి పైకప్పులకు బిగించిన సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్, అంటే పీలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే ఖనిజపు పోగులు, ఉన్నట్లు పరీక్షలో తేలింది. ఆ రేకులు వేయించుకున్న వారందరికీ విడిగా ఫోన్ చేసి చెప్పాము. మిగిలినవారు కూడా ఈ సంగతి మరొకరి నోట వినకూడదని ఇది రాస్తున్నాను.

మొదట పట్టుకున్నది మా పెద్ద మేస్త్రి. లారీ నుంచి దించుతుండగా మూల విరిగిన రేకును ఆయన ఎండలోకి తిప్పి చూస్తే, విరిగిన అంచున సన్నని తెల్లటి పోగులు చింపిన నూలుగుడ్డ అంచులా పైకి లేచి ఉన్నాయి. ఆస్బెస్టాస్ లేని రేకుల్లోనూ వేరే పోగులు కలుపుతారు గనుక కంటిచూపుతో తేల్చలేమని, ఒక ముక్కను తడిపి, పాలిథిన్ సంచిలో కట్టి ల్యాబ్‌కు పంపాము. అది క్రిసోటైల్, అంటే తెల్ల ఆస్బెస్టాస్ అని నివేదిక వచ్చింది.

సరఫరాదారుతో మా లావాదేవీ మా నాన్నగారి కాలం నుంచీ ఉంది. నివేదిక ముందు పెడితే ఆయన మొదట ల్యాబ్‌నే తప్పుపట్టారు. తర్వాత గోడౌన్‌లో రెండు రకాల సరుకు కలిసిపోయిందన్నారు. చివరకు, దేశమంతా ఇవే వాడుతుంటే మీకెందుకింత పట్టింపు అని, బాకీలో కొంత తగ్గిస్తామంటూ బేరానికి దిగారు. నిషేధం లేదన్నది నిజమే. ఐరోపా దేశాలు, జపాన్, ఆస్ట్రేలియా వంటివి ఎప్పుడో నిషేధించినా, మన దేశంలోకి రష్యా తదితర దేశాల నుంచి తెల్ల ఆస్బెస్టాస్ వస్తూనే ఉంది, దానితో చేసిన రేకులు అమ్మడం నేరం కాదు. కానీ నేను డబ్బు పోసి కొన్నది అది లేని రకం, మీకు మాట ఇచ్చినదీ అదే. బాకీ తగ్గిస్తే ఆ మాట చెల్లిపోతుందనుకునే మనిషి దగ్గర ఇకపై ఒక్క బోల్టు కూడా కొనను. మధ్యవర్తులుగా వచ్చిన పెద్దలకూ ఇదే చెప్పాను, ఇందులో మార్పు ఉండదు.

నా బాధ డబ్బు గురించి కాదు. ఆస్బెస్టాస్ లేదన్న ధైర్యంతో మా కుర్రవాళ్లు సిమెంటు దుమ్ముకు సరిపోయే మామూలు మాస్కులు కట్టుకుని, ఆ రేకులను మెషీన్‌తో కోశారు, డ్రిల్లు వేశారు. అప్పుడు దుమ్ముతో గాలిలోకి లేచే పోగులు కంటికి ఆననంత సన్నవి. పీల్చినప్పుడు ఏమీ తెలియదు, ఊపిరితిత్తుల లోతుకు చేరినవి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతాయి. ఎక్కువ కాలం ఎక్కువ దుమ్ము పీల్చినవారికి ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టోసిస్ వస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్, వాటి పైపొరకు వచ్చే మెసోథీలియోమా అనే క్యాన్సర్ కూడా దీనివల్ల వస్తాయి. మెసోథీలియోమా బయటపడడానికి 20 నుంచి 50 ఏళ్లు పట్టవచ్చు. పొగ తాగే అలవాటు కూడా ఉంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది. తెల్ల రకం ప్రమాదం లేనిదని చెప్పేవారున్నారు గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అన్ని రకాలనూ క్యాన్సర్ కారకాలుగానే తేల్చింది. కొద్ది రోజుల పనికి ముప్పు తక్కువే. అయినా ఇంతవరకు పీలిస్తే ఫర్వాలేదని చెప్పగల హద్దు ఏదీ లేదు.

ఆస్బెస్టాస్ కర్మాగారాలు తమ కార్మికుల ఆరోగ్య రికార్డులను కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మాది కర్మాగారం కాదు. అయినా ఆ రేకులు కోసిన ప్రతి ఒక్కరి పేరు, తేదీ, పని చేసిన చోటు రాసి, ఆ కాగితం ఒకటి వారి చేతికే ఇచ్చాము. ఎన్నో ఏళ్ల తర్వాత ఏ డాక్టరైనా అడిగితే చూపించడానికి అది ఉండాలి.

బిగించిన రేకులను ఏం చేయాలన్నదే నన్ను అన్నిటికంటే ఎక్కువగా వేధించింది. అన్నిటినీ మర్నాడే దించేసి నా మాట నిలబెట్టుకోవాలనిపించింది. మేస్త్రి ఒప్పుకోలేదు. పగలకుండా కదలకుండా ఉన్న రేకు నుంచి పోగులు పెద్దగా బయటికి రావు, విప్పేటప్పుడు, పగిలేటప్పుడే వస్తాయి, అప్పుడు వాటిని పీల్చేది మళ్లీ ఆ కుర్రవాళ్లే, కింద ఉన్న ఇంటివారే. ఎన్నో రాత్రులు ఆలోచించి ఆయన మాటకే వచ్చాను. కోసిన అంచులను, బోల్టు రంధ్రాలను రంగుతో మూసి, రేకులను ఉన్నచోటే ఉంచుతున్నాము. ఖర్చు తప్పించుకోవడానికే ఇలా చెబుతున్నామని ఒక పాత ఖాతాదారు అన్నప్పుడు నా మనసు చాలా నొచ్చుకుంది. అలా ఉంచడం వద్దన్నవారి రేకులను పూర్తిగా మా ఖర్చుతోనే తడిపి, పగలకుండా విప్పి, కొత్తవి వేస్తామని ఆయనకు కాగితం మీద రాసి ఇచ్చాను. మిగతావారికీ అలాగే ఇస్తాను.

ఇకపై ప్రతి లోడు నుంచి ఒక ముక్కను పరీక్షించాకే వాడతాము, కాబట్టి పని కొంత ఆలస్యమవుతుంది, ధర కొంచెం పెరుగుతుంది. పాత ఆస్బెస్టాస్ రేకును ఎవరు అడిగినా మెషీన్‌తో కోయము. విప్పిన రేకులు ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే అనుమతి ఉన్నవారికే వెళ్తాయి, ఆ ఖర్చు బిల్లులో విడిగా కనిపిస్తుంది. వానలకు ముందు నాచు పోవడానికని పాత రేకులను ఇనుప బ్రష్‌తో గీకించకండి. రేకు పగిలితే ముక్కలను చీపురుతో ఊడ్చకుండా నీళ్లతో తడిపి, తార్పాలిన్ కప్పి మాకు ఫోన్ చేయండి.