మామిడికాయ తొక్కుతో పాటు

బిడ్డా,

బాగున్నావా? ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి, ఎక్కువా లేదు తక్కువా లేదు. ఈ కాగితం తొక్కు డబ్బా ఉన్న కవర్లోనే పెడుతున్నాను, నూనె అంటితే ఏమనుకోకు. వాట్సాప్‌లో పెడితే పై రెండు లైన్లు చదివి చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు. కాగితమైతే మడతైనా విప్పాలి గదా.

తొక్కులో తడి గరిటె పెట్టకు. హాస్టల్ పిల్లలకు నువ్వే వడ్డించు, డబ్బా మాత్రం వాళ్ళ చేతికి ఇవ్వకు, పోయినేడు ఏమైందో తెలుసు గదా. థైరాయిడ్ గోలీ పొద్దున్నే పరగడుపున వేసుకుంటున్నావా? ఉపవాస ప్రార్థన ఉన్న రోజు కూడా వేసుకోవాలి. గోలీతో ఉపవాసం ఏమీ చెడదు. నువ్వు వారంలో సగం రోజులు ఉపవాసమే ఉంటున్నావని జనగామ పెళ్ళిలో మీ చిన్నమ్మ అన్నది. ఆమె ఇంకా చాలా అన్నది. నేను అవేవీ అడగడానికి రాయడం లేదు.

ఎండలు మండిపోతున్నాయి. బోరులో నీళ్ళు కిందికి పోయాయి. సమ్మయ్య మామ ఇంటి స్లాబు పడింది, నువ్వు రాలేదని అడిగాడు. ఆఫీసులో పని ఎక్కువని చెప్పాను. పని ఎక్కువే గదా?

పోయిన ఆదివారం మన గుళ్ళో అయ్యగారు 23వ కీర్తన తీసుకున్నారు. నీకు నాలుగేళ్ళప్పుడు క్రిస్మస్ స్టేజి మీద కంఠతా చెప్పి, చివరి వచనం దగ్గర ఏడుపు అందుకున్నావు, అదే. హాల్లో మన క్యాలెండరులో ప్రభువు తెల్లటి అంగీ వేసుకుని గొర్రెపిల్లను ఎత్తుకుని ఉంటాడు చూడు, ఆ బొమ్మ మీద నాకు మొదటి నుంచీ ఒక ఫిర్యాదు ఉంది. ఆ అంగీ మీద ఒక్క మరక ఉండదు. నేను ఉద్యోగం చేసినంత కాలం పశువుల దవాఖానలో గొర్లతోనే ఉన్నాను. మందలో అర్ధగంట నిలబడితే చొక్కా ఏ రంగుదో చెప్పలేం. రోములో ప్రిస్కిల్లా సమాధి గుహల గోడల మీద తొలినాటి క్రైస్తవులు మూడో శతాబ్దంలోనే మంచి కాపరి బొమ్మ వేసుకున్నారు, జంతువును భుజాల మీద మోస్తున్నట్టు. అదైతే నాకు నచ్చింది. బరువు మోస్తున్న మనిషి అని తెలుస్తుంది.

సరే, కీర్తన సంగతి. "పచ్చికగల చోట్ల ఆయన నన్ను పరుండజేయుచున్నాడు" అని ఉంది గదా. అందరికీ పచ్చిక ఒక్కటే కనిపిస్తుంది. నాకు పరుండజేయడం కనిపిస్తుంది. గొర్రె ఊరికే పడుకోదు. కడుపు నిండాలి, కుక్క భయం ఉండకూడదు, అప్పుడే కూర్చుని నెమరు వేస్తుంది. ఈ కీర్తన రాసిన దావీదు గొర్రెలు కాసిన బెత్లెహేము చుట్టుపక్కల మన పాకాల అడవి లాంటిది ఏమీ లేదు. వానలు చలికాలంలో పడతాయి, ఆ తర్వాత నెలల తరబడి ఎండ, తూర్పున యూదయ అరణ్యంలో రాళ్ళ కొండలు. గడ్డి ఎక్కడుందో, నీళ్ళు ఎక్కడున్నాయో కాపరికి తెలియకపోతే మంద బతకదు. ఎప్పుడు మేపాలో తెలియడం ఒక ఎత్తు, ఎప్పుడు ఆపాలో తెలియడం ఇంకో ఎత్తు. మన దగ్గర తొలకరికి లేత గడ్డి మొలవగానే గొర్లు ఎగబడి తింటాయి, చిటుకు రోగం వస్తుంది. బక్కవాటిని వదిలేసి బాగా బలిసిన వాటినే పట్టుకుంటుంది. పొద్దున లేచి చూస్తే దొడ్లో అన్నిటికంటే నిగనిగలాడే గొర్రే చచ్చి పడి ఉంటుంది. అందుకే వానలకు ముందే టీకాలు వేస్తాం. తెలిసిన కాపరి లేత గడ్డి దగ్గర మందను కర్ర అడ్డం పెట్టి నిలుపుతాడు. గొర్రెకు అప్పుడు ఆయన మీద కోపం వస్తుందేమో, మనకు తెలియదు.

ఏది అడిగినా వస్తుంది, ఎంత కావాలంటే అంత వస్తుంది అని చెప్పేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. నేను మామూలుగా అంటున్నాను.

నీకు ములుగు దగ్గర కురుమ తాత సంగతి ఎప్పుడూ చెప్పలేదనుకుంటా. 2017 జూన్‌లో సర్కారు గొర్రెల పంపిణీ మొదలైంది గదా, 75 శాతం సబ్సిడీ, యూనిట్‌కు 20 గొర్రెలూ ఒక పొట్టేలూ. ఆ తర్వాతి ఎండాకాలం. నేను టీకాలకు ఆ ఊరికి పోయి ఉన్నాను. రెండు రోజుల ముందు గాలివాన పడింది. కోసిన జొన్న చేన్లో మోళ్ళకు పిలకలు వచ్చాయి, చూడ్డానికి ఎంత పచ్చగా ఉన్నాయో. తాత ఆ పొద్దు ఎవరిదో దినానికి పోయి, మందను జీతం పిల్లగాడికి అప్పగించాడు. జొన్న చేను దిక్కు పోవద్దని చెప్పే పోయాడట. పిల్లగాడికి పదిహేనేళ్ళు ఉంటాయేమో. ఎండలో దూరం తోలడం ఎందుకని ఆ చేన్లోకి వదిలాడు.

జొన్న నాము అంటే ఏమిటో మీ పట్నం వాళ్ళకు తెలియదు. ఎండకు వాడి మళ్ళీ చిగిర్చిన జొన్న పిలకలో సైనైడ్ విషం తయారవుతుంది. తిన్న కాసేపటికే పని కానిస్తుంది. ఎవరో బండి మీద వచ్చి పిలిస్తే పోయాను. పద్నాలుగు గొర్లు కింద పడి ఉన్నాయి. నోట్లో నురగ, కాళ్ళు వణుకుతున్నాయి, ఊపిరి ఎగపోత. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు మిరపపండు ఎరుపు. పిల్లగాడు లేడు. కర్ర, సద్ది డబ్బా అక్కడే పడేసి పరుగెత్తాడు. నా సంచిలో ఉన్న హైపో, ఆ విషానికి విరుగుడు మందు, కలిపి మెడ నరానికి ఎక్కించడం మొదలుపెట్టాను. ఊరోళ్ళు బెల్లం నీళ్ళు తెచ్చి మింగగలిగిన వాటికి తాపారు. దినం దగ్గర తాతకు కబురు అందింది. వచ్చి ఒక్క మాట అనలేదు. ఎవర్నీ తిట్టలేదు. గొంగడి విప్పి నేల మీద పరిచి, నేను సూది వేసిన దాన్నల్లా దాని మీదికి లాగి, తల కిందికి వాలకుండా తొడ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఒకటి లేస్తే దాన్ని వదిలి ఇంకోదాని దగ్గరికి.

ఐదు చచ్చాయి. మిగతావి చీకటి పడేసరికి లేచాయి, ఒక్కటి తప్ప. దాన్ని భుజాన వేసుకుని దొడ్డి దాకా తెచ్చాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. దొడ్డి సందులోంచి ఒక్కొక్కటే పోతుంటే వీపు మీద చెయ్యి వేస్తూ లెక్క పెట్టాడు. అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. చచ్చినవాటిలో రెంటికి స్కీమ్ ట్యాగు ఉంది. చెవి ట్యాగు చూపిస్తేనే ఇన్సూరెన్స్, నేను కాగితం రాసిచ్చాను. ఆమోసు 3:12లో కాపరి సింహం నోట్లోంచి రెండు కాళ్ళో, చెవి ముక్కో విడిపిస్తాడని ఉంది చూడు, ఆ వచనం నాకు ఆ రాత్రి అర్థమైంది. మిగతా మూడింటికి ట్యాగు లేదు. అందులో రెండు తాతవి కూడా కావు, వాడకట్టులో మొగుడు పోయిన ఒకామె తన గొర్లను ఆయన మందలో కలిపింది. తెల్లారి పొద్దున తాత తన దొడ్లోంచి రెండు మంచి పిల్లలను ఏరి ఆమె వాకిట్లో కట్టి వచ్చాడు. "నామే తిన్నాయి గదా తాతా, నీ తప్పేముంది" అన్నాను. "లెక్క నాది గదా సారూ" అన్నాడు.

ఆయనకు బైబిలు తెలియదు. ఏటా ఐనవోలు మల్లన్నకు పోయి బోనం పెట్టుకునే మనిషి. యాకోబు తన మామ లాబానుతో ఇదే అన్నాడు, ఆదికాండం 31లో: పగలు ఎండకూ రాత్రి మంచుకూ క్షీణించాను, కన్నుకు నిద్ర లేదు, మృగాలు చీల్చినదాన్ని నీ దగ్గరికి తేకుండా నష్టం నేనే పెట్టుకున్నాను అని. ఇరవై ఏళ్ళు అలా కాశాడు. ప్రభువు తనను మంచి కాపరి అని చెప్పుకున్నప్పుడు వింటున్నవాళ్ళకు ఇదంతా తెలుసు. కాపరి గొర్రెల కోసం ప్రాణం పెడతాడు అన్నది వాళ్ళకు పాటలో మాట కాదు, నష్టం ఎవరి ఖాతాలో పడుతుందన్న లెక్క.

జీతం పిల్లగాణ్ణి నేను తప్పు పట్టను. యోహాను 10లో జీతగాడు తోడేలును చూసి పారిపోతాడని రాసి ఉంది, వీడు నురగ చూసి పారిపోయాడు. నాకు కోపం వచ్చేది యెహెజ్కేలు 34లో ఉన్నవాళ్ళ మీద. కొవ్వు తింటారు, బొచ్చు కప్పుకుంటారు, జబ్బుదాన్ని బాగుచేయరు, విరిగినదానికి కట్టు కట్టరు. వాళ్ళు పారిపోరు. మంద మధ్యనే ఉంటారు, ముందు వరసలో కుర్చీ వేయించుకుని.

ఇప్పుడు నువ్వు "బాపూ, మా దైవజనుడి గురించే గదా ఇదంతా" అంటావు. ఆయన పేరు కూడా నాకు సరిగా తెలియదు. చిన్నమ్మ చెప్పిందల్లా "విత్తనం" కానుక కింద నువ్వు బ్యాంకులో పర్సనల్ లోన్ తీసి ఇచ్చావని, నానమ్మ గొలుసు కూడా అక్కడే ఉందని. చిన్నమ్మ నోటికి హద్దు లేదని నాకూ తెలుసు. కానీ ఒక్కటి అడుగుతాను, జవాబు నాకు చెప్పకపోయినా ఫరవాలేదు. ఆ విత్తనం మొలవకపోతే ఏమంటారక్కడ? నీ విశ్వాసం చాలలేదంటారా? అంటే నష్టం మళ్ళీ గొర్రెదేనా? దశమభాగం మేమూ ఇస్తాం, మీ తాత కూలి డబ్బుల్లోంచి ఇచ్చాడు. కానీ మన గుళ్ళో ఏడాదికోసారి లెక్క పైసలతో సహా కమిటీ ముందు చదువుతారు, ఆ రోజు జరిగే కొట్లాట నువ్వూ చూశావు. కొట్లాడుకోనీ, మంచిదే.

మీ తాతకు డోర్నకల్ బిషప్ అజరయ్య గారంటే ప్రాణం. 1912లో బిషప్ అయిన మనిషి, అంత పెద్దాయన, ఎడ్లబండి మీద మాల మాదిగ వాడల్లోకి వచ్చి కూర్చునేవారని చెప్పేవాడు. బిషప్ చేతిలో వంపు కర్ర ఎందుకని నేను చిన్నప్పుడు అడిగితే, "మనల్ని కొట్టడానికి కాదురా, గుంటలోంచి లాగడానికి" అన్నాడు. తాత మాటల్లో సగం కోతలే, ఇది మాత్రం నిజమే అనిపిస్తుంది.

ఎక్కువ రాశాను. మీ అమ్మ పక్కనుంచి "ఉపన్యాసం ఆపి పిల్ల ఏం తింటోందో అడుగు" అంటోంది. ఏం తింటున్నావు? ఆ మూలగదికి ఫ్యాను బాగు చేశారా? పన్ను నొప్పి తగ్గకపోతే లవంగం పెట్టుకుని కూర్చోకు, డాక్టరుకు చూపించు. డబ్బులు లేకపోతే చెప్పు. ఎందుకు లేవని నేను అడగను.

లూకా 15లో కాపరి తొంభైతొమ్మిదింటిని విడిచి ఒక్కదాని కోసం పోతాడని చదివినప్పుడల్లా నువ్వు "మరి ఆ తొంభైతొమ్మిదీ ఏమైనట్టు?" అని అడిగేదానివి. అయ్యగారికే జవాబు దొరకలేదు. ఆ పిల్ల ఇంకా ప్రశ్నలు అడుగుతోందా అని మీ అమ్మా నేనూ అనుకుంటూ ఉంటాం. అక్కడ ప్రశ్నలు అడగనిస్తారా?

శనివారం సికింద్రాబాద్‌లో భాగ్యనగర్ ఎక్కు, సీటు దొరక్కపోతే ఉప్పల్ నుంచి బస్సు. కాజీపేట స్టేషన్‌కు నేనే బండి తెస్తాను, ఆటో మాట్లాడుకోకు, రాత్రిపూట ఎంతంటే అంత అడుగుతున్నారు. వచ్చేటప్పుడు బ్యాంకు పాసుబుక్కు, ఆధార్ తెచ్చుకో. వేరే ఏమీ లేదు, మీ అమ్మ జాయింట్ ఖాతాకు కేవైసీ చేయించాలి. లోన్ కాగితాలు ఏమైనా ఉంటే అవి కూడా అదే కవర్లో పెట్టుకో, తడవకుండా ఉంటాయి.

నీ బాపు